మూడు రోజులు బడికి రాకపోతే

(పాఠశాల స్వర్ణోత్సవాల్లో, పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి గారు ఫోను చేసి, "అమ్మా, నర్సుగా నీ అనుభవాలు ఓ ఇరవై నిమిషాలు చెప్పాలి" అన్నారు. నేను గుంటూరులో నర్సింగు చదివాను. పదేళ్లకు పైగా మన రాష్ట్రంలో పనిచేసి, 2003లో ఇంగ్లండు వెళ్లాను. అక్కడ ఎక్కువ కాలం మానసిక వైద్య వార్డుల్లోనే ఉన్నాను. చెప్పడానికి అనుభవాలు చాలా ఉన్నాయి. కానీ ఈ మైదానంలో నిలబడితే నాకు ముందుగా గుర్తొచ్చేది ఆసుపత్రి కాదు, మన తెలుగు మాస్టారి హాజరు పట్టీ.

ఆయన పేర్లు పిలిచే పద్ధతి ఇక్కడున్న చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎవరికైనా వరసగా మూడు రోజులు ఆబ్సెంటు పడితే ఆయన పట్టీ మూసేసేవారు. "వాళ్ల వీధి పిల్లలెవర్రా? సాయంత్రం పోయి చూసి రండి. రేపొచ్చి నాకు చెప్పాలి" అనేవారు. మేం వెళ్లేవాళ్లం. జ్వరమైతే నోట్సు ఇచ్చి వచ్చేవాళ్లం. నాట్లకు పంపుతున్నారంటే మర్నాడు మాస్టారే వెళ్లి వాళ్ల నాన్నతో మాట్లాడేవారు. ఏమీ చెయ్యలేకపోతే వాళ్ల అరుగు మీద కాసేపు కూర్చుని వచ్చేవాళ్లం. అదొక వైద్యమని అప్పుడు మాకు తెలియదు.

ఈ బడిలో నాతో చదువుకున్న ఒక అమ్మాయి గురించి ఇప్పుడు చెబుతాను. ఆమె అనుమతితోనే చెబుతున్నాను. ఆమె కోరిక మీద కొన్ని వివరాలు మార్చాను. ఎవరా అని దయచేసి వెతకవద్దు.

బడి అయిపోయాక రెండు మూడేళ్లకు ఆమెకు మనసు జబ్బు వచ్చింది. ఎవరో తనను తిడుతున్నట్టు మాటలు వినబడేవి. రాత్రిళ్లు నిద్ర ఉండేది కాదు. గాలి సోకిందన్నారు. తాయెత్తులు కట్టారు, ఊళ్లు తిప్పారు. చివరికి గదిలో పెట్టి బయట గొళ్లెం వేశారు. ఆ ఇంటివాళ్లు దుర్మార్గులేం కాదు. వాళ్లకు ఇంకో దారి చెప్పినవాళ్లు లేరు.

నేనప్పుడు నర్సింగు విద్యార్థిని. సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు అమ్మ ఈ సంగతి చెప్పింది. సాయంత్రం వాళ్లింటికి బయల్దేరాను. గుమ్మం దాకా వెళ్లాను. లోపలినుంచి ఆమె గొంతు వినబడింది. లోపలికెళ్లి ఏమని పలకరించాలో తెలియలేదు. నిజం చెప్పాలంటే భయమేసింది. వెనక్కి తిరిగి వచ్చేశాను. అమ్మ అడిగితే "పడుకుంది" అని అబద్ధం చెప్పాను.

నర్సుని కాబోతున్నదాన్ని ఎందుకు భయపడ్డాను? మానసిక వైద్యశాలలో మాకు కొద్దిరోజుల పోస్టింగు ఉండేది. తాళం చెవులు లెక్కపెట్టుకోవడం, మాత్ర మింగారో లేదో నోరు తెరిపించి చూడటం, ఎవరైనా కలియబడితే ఎలా పట్టుకోవాలో, ఇవన్నీ నేను నేర్చుకున్నాను. ఆ మనిషి పక్కన కూర్చుని మాట్లాడటం మాత్రం నేర్చుకోలేదు.

ఇక్కడ "ఆధారాల మీద నడిచే నర్సింగు" గురించి రెండు మాటలు చెప్పాలి. ఇది పెద్ద మాటలా వినబడుతుంది కానీ సంగతి చిన్నదే. మా రోజుల్లో మంచం పట్టిన రోగికి వీపు ఎర్రబడితే, స్పిరిటు రాసి, పౌడరు వేసి, ఆ ఎర్రబడిన చోటే గట్టిగా రుద్దేవాళ్లం. మాకు సీనియర్ సిస్టర్లు అలాగే నేర్పారు. వాళ్లకు వాళ్ల సీనియర్లు నేర్పారు. తర్వాత తేలిందేమిటంటే, అప్పటికే ఒత్తిడితో రక్తం సరిగా అందని చోట అలా రుద్దితే లోపలి కండకు ఇంకా దెబ్బ తగలొచ్చు. వేళకు పక్కకు తిప్పడం, ఒత్తిడి పడకుండా చూడటం, తడి లేకుండా ఉంచడం, బలమైన తిండి పెట్టడం, ఇవీ కావలసినవి. మేం రుద్దింది ప్రేమతోనే. కానీ ప్రేమ ఒక్కటే చాలదు. చేసే పని మేలు చేస్తోందా, కీడు చేస్తోందా అని లెక్క చూసుకోవాలి. పరిశోధన ఏం చెబుతోంది, నర్సు అనుభవం ఏం చెబుతోంది, రోగికి ఏం కావాలి, ఈ మూడూ కలిపి చూసి చేసేదే ఆధారాల మీద నడిచే నర్సింగు.

ఒంటి జబ్బుల్లో ఈ లెక్క అర్థం చేసుకోవడం తేలిక. మనసు జబ్బుల వార్డులో ఎలా? దీనికి నాకు బాగా తెలిసిన ఉదాహరణ సేఫ్‌వార్డ్స్. లండన్ కింగ్స్ కాలేజీలో సైకియాట్రిక్ నర్సింగు ప్రొఫెసరుగా పనిచేసిన లెన్ బవర్స్, ఆయన బృందం దీన్ని రూపొందించారు. వార్డుల్లో గొడవలు ఎందుకు జరుగుతాయి, ఏం చేస్తే తగ్గుతాయి అని ఏళ్ల తరబడి పరిశీలించి పది పద్ధతులు తయారుచేశారు. వాటిని 15 ఆసుపత్రుల్లోని 31 వార్డుల్లో పరీక్షించారు. చీటీలు తీసినట్టుగా కొన్ని వార్డులను ఎంపిక చేసి ఈ పద్ధతులు పెట్టారు. మిగతా వార్డుల్లో వేరే కార్యక్రమం నడిపారు. 2015లో ఫలితాలు వచ్చాయి. ఈ పద్ధతులు పెట్టిన వార్డుల్లో కొట్లాటలు, తమకు తాము హాని చేసుకోవడం, పారిపోవడం వంటివి మిగతా వాటితో పోలిస్తే 15 శాతం తగ్గాయి. బలవంతంగా పట్టుకోవడం, ఒంటరి గదిలో పెట్టడం వంటివి 26 శాతం తగ్గాయి.

ఆ పది పద్ధతులేమిటో వింటే మీరు నవ్వుతారు. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. "కుదరదు" అని చెప్పాల్సి వచ్చినప్పుడు ఎలా చెప్పాలి అన్నది ఒకటి. ఇంటినుంచి చెడ్డ కబురు వచ్చిన రోగి దగ్గరికి ముందే వెళ్లి కూర్చోవడం ఒకటి. డ్యూటీ మారేటప్పుడు ప్రతి రోగి గురించీ ఒక మంచి మాట చెప్పడం ఒకటి. రోగులూ సిబ్బందీ ఒకరి ఇష్టాలు ఒకరికి తెలిసేలా ఒక పుస్తకంలో రాసిపెట్టడం ఇంకొకటి. నేను అందులో "ఆవకాయ, పాత సినిమా పాటలు" అని రాశాను. నెలరోజులుగా ఎవరితోనూ పలకని ఒక పెద్దాయన అది చదివి, ఆవకాయంటే ఏమిటని అడిగాడు. ఆవపిండి ఎంత, కారం ఎంత, నూనె ఎంత అని అరగంట చెప్పాను. మర్నాడు ఆయన తన తోట గురించి చెప్పాడు. తన జబ్బు గురించి ఆ మర్నాడు చెప్పాడు.

వాటిలో నా మనసుకు బాగా పట్టినవి రెండు. ఒకటి, రోగులూ సిబ్బందీ అందరూ కాసేపు కూర్చుని, ఈ రోజు ఎవరు ఎవరికి ఏ సాయం చేయగలరో చెప్పుకోవడం. "నేను ఆమెకు టీ కలిపిస్తాను", "నేను ఆయనతో కాసేపు నడుస్తాను" అని రోగులే అంటారు. రెండోది, నయమై ఇంటికి వెళ్లేవాళ్లు తర్వాత వచ్చేవాళ్ల కోసం ఒక మాట రాసి వెళ్లడం. మా వార్డు గోడ మీద ఒక చెట్టు బొమ్మ వేశాం. ఆకుల్లా కత్తిరించిన కాగితాల మీద రాసి అంటించేవారు. మొదటి రాత్రి భయంతో నిద్రపట్టని మనిషి ఆ చెట్టు ముందు నిలబడి చదువుకోవడం నేనెన్నోసార్లు చూశాను. నేను పక్కన నిలబడి "తగ్గిపోతుంది" అంటే నమ్మని మనిషి, అదే మంచం మీద పడుకుని వెళ్లినవాళ్లు రాస్తే నమ్మేవాడు.

తోటివారి తోడు అంటే ఇదే. ఇది కొత్తదేం కాదు. పద్దెనిమిదో శతాబ్దం చివర పారిస్‌లోని బిసెత్ర్ ఆసుపత్రిలో మానసిక రోగుల విభాగాన్ని చూసిన జాన్ బతీస్త్ పుస్సాఁ ఒకప్పుడు ఆ ఆసుపత్రిలోనే వేరే జబ్బుకు చికిత్స పొందినవాడు. కోలుకున్న రోగులనే అక్కడ పనివాళ్లుగా పెట్టుకునేవాడు. 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ నడిచేదీ ఇలాగే, తాగుడు మానినవాడు మానాలనుకునేవాడి పక్కన కూర్చోవడం మీద. ఇంగ్లండులో ఇప్పుడిది జీతమిచ్చే ఉద్యోగం. ఒకప్పుడు తానే ఆ జబ్బుతో బాధపడి, కోలుకుని, శిక్షణ తీసుకున్న మనిషి వార్డులో మాతోపాటు పనిచేస్తారు. పీర్ సపోర్ట్ వర్కర్ అంటారు.

మా వార్డుకు అలాంటి ఒకావిడ వచ్చినప్పుడు నాకేం నచ్చలేదు. చదువుకున్న నర్సులం మేమింతమందిమి ఉండగా ఈవిడెందుకు అనుకున్నాను. నిన్నటిదాకా మంచం మీదున్న మనిషి మా టీ గదిలో కూర్చోవడం నాకు ఇబ్బందిగా ఉండేది. ఆ ఇబ్బందీ, నేను గుమ్మంలోంచి వెనక్కి వచ్చేసినప్పటి భయమూ ఒకటేనని అప్పుడు తెలియలేదు.

2016లో అమ్మ పోయింది. టికెట్టు దొరికి ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. పదకొండో రోజు అయ్యాక తిరిగి వెళ్లి డ్యూటీలో చేరాను. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేది. అన్నం సయించేది కాదు. రోగులను అడిగే ప్రశ్నలన్నీ నాకు నేను వేసుకునేదాన్ని. సమాధానాలు నాకు తెలుసు. అది డిప్రెషనని తెలుసు. అయినా ఎవరికీ చెప్పలేదు. నర్సుకే ఈ జబ్బంటే ఉద్యోగం ఏమవుతుంది, ఊళ్లో ఏమనుకుంటారు, పిల్లల పెళ్లిళ్లు ఎలా అవుతాయి అని భయం. ఒకరోజు డ్యూటీకి వెళ్తూ ఇక బతకాలనిపించలేదు. ఇన్నేళ్ల తర్వాత ఈ మాట మొదటిసారి ఇంతమంది ముందు చెబుతున్నాను.

కనిపెట్టింది డాక్టరు కాదు, తోటి నర్సులు కాదు. ఆవిడే. టీ గదిలో నా పక్కన కూర్చుని, "నువ్వు సరిగా నిద్రపోయి ఎన్ని రోజులైంది?" అని అడిగింది. నేను మాట్లాడలేదు. "నాకైతే పొద్దుటిపూటే ఎక్కువ కష్టంగా ఉండేది. సాయంత్రానికి కాస్త తెరిపిచ్చేది. నీక్కూడా అంతేనా?" అంది. అంతే, ఏడుపు ఆగలేదు. ఆవిడ సలహా ఏమీ ఇవ్వలేదు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడిగింది. అవునన్నాను. ఆవిడ కంగారు పడలేదు. "ఇవాళే డాక్టరు దగ్గరికి వెళదాం. నేను బయట కూర్చుంటాను" అంది. అలాగే చేసింది.

మందులు వాడాను. కౌన్సెలింగుకు వెళ్లాను. రెండున్నర నెలలు సెలవు పెట్టాను. తిరిగి అదే వార్డులో చేరాను. నన్ను బాగుచేసింది వైద్యమే. కానీ ఆ వైద్యం గుమ్మం దాటించింది మాత్రం ఆవిడ.

నా ఒక్కదాని కథ ఆధారం కాదు కాబట్టి లెక్క కూడా చెబుతాను. 2018లో లాన్సెట్ పత్రికలో ఇంగ్లండులో జరిగిన ఒక పరీక్ష ఫలితాలు వచ్చాయి. మానసికంగా విషమ స్థితికి వెళ్లి అత్యవసర బృందాల చికిత్స పొందిన 441 మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి, కోలుకోవడానికి సొంతంగా ప్రణాళిక రాసుకునే పుస్తకం ఇచ్చి, తోటివారితో పదిసార్ల దాకా కూర్చునే అవకాశం కల్పించారు. రెండో భాగానికి పుస్తకం మాత్రమే పంపారు. ఏడాదిలోపు మళ్లీ విషమించి అత్యవసర చికిత్సకు రావాల్సి వచ్చినవాళ్లు తోడున్న భాగంలో 29 శాతం, పుస్తకం మాత్రమే ఉన్న భాగంలో 38 శాతం. ప్రతి పరిశోధనలోనూ ఇంత స్పష్టమైన తేడా కనిపించలేదు. ఆసుపత్రి అవసరం తగ్గుతుందా అన్నదాని మీద ఫలితాలు రకరకాలుగా ఉన్నాయి. ఆశ, తన మీద తనకు నమ్మకం, కోలుకుంటున్నాననే భావన, వీటికి సాయపడుతుందని మాత్రం చాలాచోట్ల కనబడింది. కాబట్టి మందులు మానేసి కబుర్లు చెప్పుకోమని నేను అనడం లేదు. మందు మందే. తోడు తోడే. ఒకదాని పని ఇంకొకటి చెయ్యలేదు.

మన దేశం సంగతికి వస్తాను. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్లలో ప్రతి పదిమందికి ఒకరు ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఈ షామియానా కింద మనం ఎంతమందిమి ఉన్నామో మీరే లెక్కవేసుకోండి. చట్టం మాత్రం మారింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలనీ, శిక్షించకూడదనీ, ప్రభుత్వం ఆదుకోవాలనీ చెప్పింది. 2022లో మొదలైన టెలిమానస్ నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు ఈ సావనీరులో వేయమని సంపాదకులను కోరుతున్నాను.

2019లో ఊరు వచ్చినప్పుడు, నా జబ్బు తగ్గిన ధైర్యంతో, ఆ అమ్మాయి ఇంటికి వెళ్లాను. ముప్పై ఏళ్లు దాటిపోయాయి. వదినగారు తలుపు తీశారు. ఆమె వసారాలో కూర్చుని బియ్యం ఏరుతోంది. చాలా ఏళ్లుగా ప్రభుత్వాసుపత్రి మందులు వాడుతోందట, నిలకడగా ఉంది. నన్ను చూడగానే గుర్తుపట్టి పేరు పెట్టి పిలిచింది. మజ్జిగ తెచ్చిచ్చింది. కాసేపు బడి కబుర్లయ్యాక చాలా మామూలుగా అంది:

"అప్పుడు పండక్కి వచ్చినప్పుడు మా గుమ్మం దాకా వచ్చి వెళ్లిపోయావు. కిటికీలోంచి చూశాను."

నాకు నోట మాట రాలేదు. "భయమేసింది" అన్నాను. "నాకూ భయంగానే ఉండేది. ఇద్దరం కలిసి భయపడేవాళ్లం కదా, వస్తే" అని నవ్వింది. తోటివారి తోడు గురించి నేను ఎన్నో శిక్షణ తరగతులు విన్నాను. ఇంతకంటే బాగా చెప్పినవాళ్లు లేరు.

మందుల కోసం ఆసుపత్రికి వెళ్లిన రోజున అక్కడ వరసలో కొత్తగా కనబడినవాళ్లతో ఆమె మాట్లాడుతుందట. "నోరు ఎండిపోతుంది, నీళ్లసీసా దగ్గర పెట్టుకో. మగతగా ఉంటే డాక్టరుకు చెప్పు, అంతేగానీ నీ అంతట నువ్వు మానెయ్యకు. నేనోసారి మానేసి మళ్లీ మొదటికొచ్చాను" అని చెబుతుందట. జీతం లేదు, శిక్షణ లేదు. కానీ నేను లండన్‌లో చూసిన పనే అది.

ఇప్పుడు మన సంఘానికి నా విన్నపాలు మూడు.

మొదటిది, ప్రతి బ్యాచివాళ్లూ ఈ ఉత్సవానికి రానివాళ్ల జాబితా రాయండి. వచ్చినవాళ్ల ఫోటోలు సావనీరులో ఉంటాయి. రానివాళ్ల పేర్లు మీ జేబులో ఉండాలి. ఫోను చెయ్యండి. ఫోను ఎత్తకపోతే ఆ ఊరివాళ్లు వెళ్లి చూసి రండి.

రెండోది, వెళ్లినప్పుడు "నీకేం తక్కువ?", "మనసు గట్టి చేసుకో", "నాలుగు రోజులు ఎక్కడికైనా తిరిగిరా" అనకండి. నిద్ర పడుతోందా, అన్నం తింటున్నావా అని అడగండి. అనుమానం వస్తే చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. పరిశోధనల్లో అలా ఏమీ కనిపించలేదు. అవునంటే ఒంటరిగా వదలకండి. డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి. బయట కూర్చోండి చాలు.

మూడోది, మనలో కోలుకున్నవాళ్లకు. ఇక్కడ మీరున్నారని నాకు తెలుసు. అందరిముందూ చెప్పమని అడగను. అవసరమైన ఒక్కరికి చెప్పండి. ఆ చెట్టుకు ఒక ఆకు అంటించండి.

ఉపాధ్యాయులకు విన్నపాలు చేసేంతదాన్ని కాను. ఒక్కటే గుర్తుచేస్తాను. ఇప్పుడు హాజరు సెల్‌ఫోన్లోనే పడుతోంది. మంచిదే. కానీ మూడు రోజులు రాని పిల్ల దగ్గరికి సెల్‌ఫోను వెళ్లలేదు. ఇంకో పిల్లే వెళ్లాలి.

నా స్నేహితురాలు ఈ సభలో ఉందో లేదో నేను చెప్పను. ఉంటే, ఆమెకు ఒక్క మాట. ఆ రోజు మీ ఇంటికి రావాల్సినదాన్ని, రాలేదు. ఆలస్యంగానైనా వచ్చాను. నా హాజరు వేసుకో.